పాయింట్ టూ టూ: ఆ చిన్న తూటా అంటే షూటర్లకు ఎందుకంత ఇష్టం?

కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లు మీ ఇంట్లో ఒక్కరైనా ఉంటే అడిగి చూడండి. పరేడ్‌లో ఏం నేర్పారో మర్చిపోయి ఉండొచ్చు గానీ, ఫైరింగ్ రోజు మాత్రం గుర్తుంటుంది. నేలమీద బోర్లా పడుకుని, రైఫిల్‌ను భుజానికి గట్టిగా ఆనించి, 25 గజాల దూరంలో ఉన్న కాగితం మీదికి ఐదు తూటాలు. తర్వాత ఆ కాగితం తెప్పించుకుని, ఐదు చిల్లులు దగ్గరదగ్గరగా పడ్డాయా, చెల్లాచెదురయ్యాయా అని చూసుకోవడం. ఆ రోజు వాళ్ల చేతిలో ఉన్నది .22 రైఫిల్. వాడుకలో పాయింట్ టూ టూ.

ప్రపంచంలో చాలామంది షూటర్లు తుపాకీ పట్టడం నేర్చుకున్నది దీనితోనే. ఒలింపిక్స్ పతకాలు గెలిచినవాళ్లు కూడా దీన్ని వదల్లేదు. ఇంత చిన్న తూటాలో అంత ప్రత్యేకత ఏముంది? ఇంట్లో పిల్లలు షూటింగ్ నేర్చుకుంటామని అడిగితే పెద్దలు ఏం తెలుసుకోవాలి?

రిమ్‌ఫైర్ అంటే ఏమిటి?

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు సీసపు గుండు, దాన్ని పట్టుకుని ఉండే ఇత్తడి తొడుగు, లోపల పేలుడు పొడి, ఆ పొడిని అంటించే మందు. పెద్ద తూటాల్లో ఈ అంటించే మందు అడుగున మధ్యలో ఒక చిన్న బిళ్లలో ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాలో అలా కాదు. అడుగున చుట్టూ పళ్లెం అంచులాగా ఒక మడత ఉంటుంది. మందు ఆ మడత లోపల పరుచుకుని ఉంటుంది. తుపాకీలోని ఫైరింగ్ పిన్ ఆ అంచు మీద కొడితే తూటా పేలుతుంది. అంచు మీద దెబ్బతో పేలుతుంది కాబట్టే రిమ్‌ఫైర్ అన్నారు.

ఈ పద్ధతికి 180 ఏళ్ల చరిత్ర ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన ఫ్లోబెర్ 1845 ప్రాంతంలో ఇళ్లలో గురి చూసుకునే ఆటకోసం ఇలాంటి చిన్న తూటా తయారు చేశాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ .22 షార్ట్ తూటాతో రివాల్వర్ తెచ్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ .22 లాంగ్ రైఫిల్ తూటాను తెచ్చింది. ఈ రోజుకీ ఎక్కువగా వాడుతున్నది అదే. పేరులో రైఫిల్ అని ఉన్నా పిస్టల్‌లోనూ ఇదే తూటా వేస్తారు.

.22 అంటే అంగుళంలో 22 వంతుల వ్యాసం, 100 వంతులు చేస్తే. మన లెక్కలో సుమారు 5.6 మి.మీ. గుండు బరువు దాదాపు 2.6 గ్రాములు. సైన్యంలో ఏళ్ల తరబడి వాడిన 7.62 రైఫిల్ గుండు బరువు 9 గ్రాములకు పైనే. తేడా అక్కడే తెలుస్తుంది.

షూటర్లు ఎందుకు ఇష్టపడతారు?

మొదటి కారణం, ఇది భుజాన్ని తన్నదు. పెద్ద రైఫిల్ పేల్చినప్పుడు వెనక్కి గట్టిగా కొడుతుంది, చెవులు గింగిర్లెత్తే శబ్దం వస్తుంది. రెండు మూడుసార్లు ఆ దెబ్బ తిన్నాక శరీరం భయపడటం మొదలుపెడుతుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మనకు తెలియకుండానే కళ్లు మూసుకుంటాం, చేయి బిగుసుకుంటుంది. గురి అక్కడే తప్పుతుంది. ఒకసారి పడ్డ ఈ అలవాటు పోగొట్టడం కోచ్‌లకు పెద్ద తలనొప్పి. పాయింట్ టూ టూతో మొదలుపెట్టినవారికి ఆ భయం పట్టుకునే అవకాశం తక్కువ.

దీన్నే ఇంకోవైపు నుంచి చూడండి. తన్ను లేదు కాబట్టి తప్పును నెట్టేయడానికి సాకు కూడా లేదు. గుండు పక్కకు పోయిందంటే శ్వాస సరిగా ఆపలేదు, లేదా ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కకుండా లాగేశాం, లేదా మనసు ఎక్కడో ఉంది. కాగితం మీద చిల్లు ఆ సంగతి చెప్పేస్తుంది. హైదరాబాదీ భాషలో నిషానా కుదరడం అంటామే, అది తుపాకీలో ఉండేది కాదు, మనిషిలో ఉండేది. ఈ చిన్న తూటా ఆ మాటను ప్రతి షాట్‌కూ గుర్తుచేస్తుంది.

రెండో కారణం ఖర్చు. పెద్ద తూటాలతో పోలిస్తే మామూలు .22 తూటా చాలా చవక. కాబట్టి ఎక్కువ షాట్లు కొట్టొచ్చు. నేర్చుకునేవారికి కావాల్సింది అదే. అయితే ఒకసారి పేలిన రిమ్‌ఫైర్ తొడుగును మళ్లీ నింపుకోవడం మామూలుగా కుదరదు. అంచు నలిగిపోతుంది, అందులో మందు మళ్లీ పరచలేం. వాడి పారేయాల్సిందే.

మూడోది, గాలితో ఆట. గుండు చిన్నది, వేగం తక్కువ. పోటీ తూటాల వేగం సెకనుకు సుమారు 320 మీటర్లు, అంటే శబ్ద వేగం కంటే కాస్త తక్కువే. కావాలనే అలా ఉంచుతారు. శబ్ద వేగాన్ని దాటి మళ్లీ దిగేటప్పుడు గుండు కుదుపుకు లోనవుతుంది, గురి చెడుతుంది. ఇంత తేలికైన గుండును 50 మీటర్ల దూరంలోనే చిన్న గాలి కూడా పక్కకు నెట్టేస్తుంది. అందుకే రేంజ్‌లో చిన్న జెండాలు పెడతారు. షూటర్ ఒక కన్ను వాటి మీద వేసి, గాలి తగ్గే క్షణం కోసం కాచుకుని కొడతాడు.

తూటాల మధ్య తేడా కూడా పెద్ద విషయమే. ఒకే కంపెనీ, ఒకే పేరు, కానీ వేరే బ్యాచ్ అయితే ఫలితం మారుతుంది. ఇంగ్లండ్‌లోని ఎలీ, జర్మనీలో తూటాలు చేసే లాపువా లాంటి కంపెనీల దగ్గరికి పెద్ద షూటర్లు తమ రైఫిల్ తీసుకెళ్లి, ఏ బ్యాచ్ తూటాలు తమ బ్యారెల్‌కు కుదురుతాయో పరీక్షించుకుంటారు. కుదిరిన బ్యాచ్‌ను సీజన్‌కు సరిపడా కొనిపెట్టుకుంటారు.

ఎక్కడెక్కడ వాడతారు?

ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీలు ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌తో జరుగుతాయి. అందులో పేలుడు మందు ఉండదు, గాలి ఒత్తిడే. 50 మీటర్ల రైఫిల్, 25 మీటర్ల పిస్టల్ పోటీలకు మాత్రం .22 రిమ్‌ఫైర్ వాడాలి.

50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో మోకాలి మీద కూర్చుని, బోర్లా పడుకుని, నిలబడి కాల్చాలి. లక్ష్యంలో 10 పాయింట్ల వలయం వ్యాసం 10.4 మి.మీ. అంటే మన చొక్కా గుండీ అంత. 50 మీటర్ల దూరం నుంచి దాన్ని కొట్టాలి. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలోనే స్వప్నిల్ కుసాలే 451.4 పాయింట్లతో కాంస్యం తెచ్చాడు. ఈ విభాగంలో మన దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సిఫ్ట్ కౌర్ సమ్రా మహిళల త్రీ పొజిషన్స్‌లో 469.6 పాయింట్లతో ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం గెలిచింది.

పురుషుల 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ మరో లోకం. ఐదు లక్ష్యాలు, ఐదు షాట్లు. మొదట 8 సెకన్లలో, తర్వాత 6, చివరికి 4 సెకన్లలో. తన్ను లేని చిన్న తూటా కాబట్టే ఇది సాధ్యం. 2012 లండన్‌లో విజయ్ కుమార్ ఇందులోనే రజతం గెలిచాడు.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కూడా ఈ తూటాతో పేరు తెచ్చుకుంది. హాంగ్‌ఝౌలో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి టీమ్ స్వర్ణం గెలిచింది. ఎయిర్ పిస్టల్‌లో మరో రెండు రజతాలు. లండన్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పెరిగింది కూడా హైదరాబాద్‌లోనే. 2014 కామన్వెల్త్ క్రీడల్లో ఆయన 50 మీటర్ల రైఫిల్‌లో రజతం, కాంస్యం సాధించాడు.

చలి దేశాల్లో మంచు మీద స్కీలతో జారుతూ వచ్చి, ఎగశ్వాసతోనే 50 మీటర్ల దూరంలోని ఐదు లక్ష్యాలను కొట్టే బయాథ్లాన్ పోటీలోనూ ఇదే తూటా. అమెరికాలో సెలవు రోజున ఖాళీ డబ్బాలు వరుసగా పేర్చి కొట్టడం చాలామందికి కాలక్షేపం. పొలాల్లో కుందేళ్లు, ఉడుతల వేటకూ అక్కడ వాడతారు. మన దగ్గర ఆ మాటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది.

చిన్నదే గానీ బొమ్మ కాదు

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. చప్పుడు తక్కువ, తన్ను లేదు, చూడటానికి వేలి కణుపంత తూటా. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ప్రమాదం అక్కడే ఉంది. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ గుండుతో పోలిస్తే .22 గుండు శక్తి 15 రెట్లకు పైనే. గాల్లోకి వాలుగా పేలిస్తే కిలోమీటరున్నర దాకా పోగలదు. రాయి మీద, నీటి మీద పడితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. ప్రాణం తీసే శక్తి దానికి ఉంది.

రేంజ్‌లో మొదటి రోజు నేర్పే నియమాలు ఇవి:

- ప్రతి తుపాకీలో తూటా ఉన్నట్టే అనుకోవాలి. ఖాళీ అని ఎవరు చెప్పినా మళ్లీ తెరిచి చూసుకోవాలి.
- బ్యారెల్ ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి. పిలిస్తే తుపాకీతో సహా వెనక్కి తిరగకూడదు.
- కాల్చే వరకూ వేలు ట్రిగ్గర్ బయటే.
- లక్ష్యం వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు.
- కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి.

రిమ్‌ఫైర్‌కు ప్రత్యేకంగా మరో జాగ్రత్త. అంచులో మందు సమంగా పరుచుకోకపోతే ఒక్కోసారి తూటా పేలదు, లేదా ఆలస్యంగా పేలుతుంది. టక్ మని మోగి ఊరుకుంటే వెంటనే తెరవకూడదు. బ్యారెల్ లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, కోచ్‌కు చెప్పాలి. ఖాళీ రైఫిల్‌తో ఊరికే ట్రిగ్గర్ నొక్కడం కూడా చాలా మోడళ్లలో మంచిది కాదు. తూటా అంచు లేకపోతే పిన్ నేరుగా బ్యారెల్ లోహానికి తగిలి రెండూ పాడవుతాయి.

ఇంకోటి, సీసం. గుండు సీసంతో చేసింది, అంటించే మందులోనూ చాలావరకు సీసం ఉంటుంది. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవాలి. కడుక్కోకుండా తినకూడదు, ఇంట్లో చంటిపిల్లల్ని ఎత్తుకోకూడదు.

మన చట్టం ఏం చెబుతోంది?

.22 తుపాకీకి ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్స్ తప్పనిసరి. 21 ఏళ్లు నిండనివారికి లైసెన్స్ రాదు. అయితే శిక్షణలో భాగంగా, నియమాల ప్రకారం పర్యవేక్షణలో వాడటానికి చట్టం వీలు కల్పించింది. చిన్న వయసులోనే మన షూటర్లు పతకాలు తెస్తున్నారంటే ఆ వీలు వల్లే. 2019 సవరణతో ఒక మనిషికి మామూలుగా రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. క్రీడాకారులకు మినహాయింపులున్నాయి.

అదే సవరణలో మన పెళ్లిళ్లకు సంబంధించిన మాటా ఉంది. బారాత్‌లోనో, మరో సంబరంలోనో గాల్లోకి కాల్పులు జరిపి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ ఉందనే మాట అక్కడ అక్కరకు రాదు. పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట కింద పడుతుంది. అది ఎవరి డాబా మీద, ఎవరి బిడ్డ మీద అన్నది కాల్చినవాడికి తెలియదు.

పిల్లలు నేర్చుకుంటామంటే

ముందు గుర్తింపు ఉన్న రేంజ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టించండి. హైదరాబాద్‌లో గచ్చిబౌలి రేంజ్ ఉంది, ప్రైవేటు అకాడమీలూ ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ రైఫిల్ అసోసియేషన్లు ఉన్నాయి. వీటి పైన 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఉంది. కాలేజీ పిల్లలకైతే ఎన్‌సీసీ ఇంకా సులువైన దారి, చేతి నుంచి పెద్దగా ఖర్చు ఉండదు. నిలబడటం, శ్వాస, ట్రిగ్గర్ మీద పట్టు కుదిరాక కోచ్ చెప్పినప్పుడే .22కి మారాలి.

చేరేముందు తల్లిదండ్రులు ఒకసారి రేంజ్‌కు వెళ్లి గంటసేపు కూర్చోండి. పిల్లలు ఎన్ని పాయింట్లు కొట్టారన్నది కాదు చూడాల్సింది. కోచ్ ఆగమనగానే అందరూ తుపాకులు కింద పెడుతున్నారా? తెరిచి, ఖాళీ అని చూపిస్తున్నారా? కాల్పులు ఆగాకే ఎవరైనా ముందుకు నడుస్తున్నారా? ఆ క్రమశిక్షణ కనబడితే ధైర్యంగా చేర్పించండి. కనబడకపోతే ఎంత పేరున్న చోటైనా సరే, పిల్లను వెంటబెట్టుకుని ఇంటికి తిరిగి వచ్చేయండి.