కన్ను జారినా బొమ్మ ఒకటే

పొదిలి చుట్టుపక్కల మిరప కల్లాల్లో, పత్తి చేలల్లో ఎండ పడగానే ఒక కన్ను మూసుకునే పిల్లలుంటారు. ఎండ పడట్లేదనుకుంటాం. ఒక్కోసారి అది అప్పుడప్పుడూ బయటికి జారే మెల్లకు తొలి గుర్తు. అలసినప్పుడో, దూరం చూసేటప్పుడో కనుగుడ్డు చెవివైపు పోతుంది, పిలిస్తే సర్దుకుంటుంది. అయినా రెండుగా కనబడుతోందని బిడ్డ చెప్పడు. ఎందుకన్నది కంటిలో వెతికినంత కాలం దొరకలేదు.

11వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ హైతమ్, రెండు బొమ్మలూ కళ్ల వెనుక నరాలు కలిసేచోట ఒకటవుతాయని రాశాడు. తర్వాతివాళ్లు మళ్లీ కంటి దగ్గరికే వచ్చారు. 1743లో బుఫాన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త మెల్లకు రెండు కళ్ల బలంలో తేడాను తప్పుపట్టి, బాగున్న కంటిని మూయమన్నాడు. 1839లో బెర్లిన్‌లో శస్త్రవైద్యుడు డీఫెన్‌బాక్ కంటి కండరమే కోశాడు. 1903లో లండన్ వైద్యుడు క్లాడ్ వర్త్, బొమ్మలను కలిపే శక్తి మెదడుదని, లోపం అక్కడుందని గట్టిగా వాదించాడు.

అసలు కీలకం 1955లో కంటి వైద్యుడు ఆర్థర్ జాంపోల్‌స్కీ వివరించాడు. కన్ను బయటికి జారితే ఎదుటి వస్తువు బొమ్మ ఆ కంటి వెనుక తెరలో, అంటే రెటీనాలో, చెవివైపు సగంలో పడుతుంది. పసి మెదడు ఆ సగం పంపే కబురునే పక్కన పెడుతుంది. ముక్కువైపు సగం మాత్రం పక్క చూపు అందిస్తూనే ఉంటుంది. కన్ను సర్దుకోగానే అణచివేత తొలగి, చాలామంది పిల్లల్లో లోతు చూపు తిరిగొస్తుంది. ఎంత నేర్పు! గుడ్డితనం కాదిది, ఎంపిక.

పసి మెదడు ఎంత తేలిగ్గా మారుతుందో హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల్లో చూశారు. 1965లో ఒక కంటి కండరం కోసి మెల్ల తెప్పిస్తే, రెండు కళ్లకూ పలికే మెదడు కణాలు చాలావరకు మిగల్లేదు. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది. పెద్దయ్యాక నరం దెబ్బతిని కన్ను జారితే మెదడు అంత తేలిగ్గా మారదు, లోకం రెండుగా కనబడుతుంది.

మన దగ్గర మెల్లకన్ను అదృష్టమన్న మాట ఎందరి వైద్యాన్నో వెనక్కి నెట్టింది. 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ మొదలైంది. 2019లో ఆంధ్రప్రదేశ్ కంటి వెలుగు పథకం బడి పిల్లల కంటి పరీక్షలతోనే ఆరంభమైంది. ఆ పని గొప్పదే. కానీ అక్షరాలు చదివించే పరీక్షకు అప్పుడప్పుడూ జారే ఈ మెల్ల దొరకకపోవచ్చు. ఏ కన్ను విడిగా మూసినా రెండోది అక్షరాలు చదివేస్తుంది. ఒక కంటిని మూసి తెరుస్తూ గుడ్డు కదలికను చూస్తేనే బయటపడుతుంది. ఆసుపత్రిలో ఆ కాసేపు కన్ను సూటిగా నిలవచ్చు కూడా. అందుకే సాయంత్రం బిడ్డ అలసినప్పుడు, ఎండలో కన్ను మూసినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది.