అక్షరార్థం, ఆంతర్యార్థం: మధ్యయుగ క్రైస్తవ వ్యాఖ్యానంలో ఒక వివాదం

దివ్యగ్రంథ వచనాలకు పైకి తెలిసే అర్థమే చాలునా, లేక దాని వెనుక మరొక అర్థాన్ని వెదకాలా అన్న ప్రశ్న ఏ ఒక్క మతానికో పరిమితమైనది కాదు. ముస్లిం పండితులు జాహిర్, తావీల్ అనే పదాలతో చర్చించిన ఈ సమస్యను మధ్యయుగపు ఐరోపాలో క్రైస్తవ వ్యాఖ్యాతలు తమదైన పద్ధతిలో ఎదుర్కొన్నారు.

వారికి వారసత్వంగా లభించింది నాలుగు అర్థాల సూత్రం. 5వ శతాబ్దపు సన్యాసి జాన్ కాసియన్ ఇందుకు యెరూషలేమును ఉదాహరణగా చూపాడు. చరిత్ర దృష్ట్యా అది యూదుల నగరం, సంకేతార్థంలో క్రైస్తవ సంఘం, నైతికార్థంలో మానవాత్మ, పారలౌకికార్థంలో స్వర్గనగరం. ఈ సూత్రం బోధకులకు సౌలభ్యం కలిగించినా, మొదటి అర్థాన్ని చిన్నచూపు చూసే ధోరణికి కూడా తావిచ్చింది.

పారిస్‌లోని సెయింట్ విక్టర్ మఠంలో బోధించిన హ్యూ (మరణం 1141) ఈ ధోరణిని విమర్శించాడు. చరిత్ర పునాది అనీ, పునాది లేనిదే సంకేతార్థపు కట్టడం నిలవదనీ ఆయన బోధ. అదే మఠానికి చెందిన ఆండ్రూ (మరణం 1175) మరింత ముందుకు వెళ్ళి, హీబ్రూ పాఠం అర్థాన్ని యూదులనే అడిగి తెలుసుకున్నాడు.

యెషయా గ్రంథం 7వ అధ్యాయం 14వ వచనం వద్ద చిక్కు వచ్చింది. లాటిన్ బైబిలులో ‘కన్య’ అని ఉన్నచోట హీబ్రూలో ఉన్న ‘అల్మా’ అనే పదానికి ‘యువతి’ అనే అర్థమనీ, ఆ వచనం ఆహాజు రాజు కాలానికి సంబంధించినదనీ యూదుల వాదం. ఆండ్రూ ఆ వాదాన్ని వ్రాసి, ఖండించకుండా విడిచిపెట్టాడు. సహవాసి రిచర్డ్ (మరణం 1173) సహించలేక దానికి సమాధానంగా ఒక గ్రంథమే రచించాడు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) కన్య మర్యమ్‌కు జన్మించారన్న ముస్లిముల విశ్వాసానికి ఖుర్ఆనే ఆధారం. అది ఈ పదచర్చపై ఆధారపడలేదు. కాని యూదులతో వాదించే క్రైస్తవులకు ఆ వచనం ప్రధాన ప్రమాణం.

థామస్ అక్వినాస్ (మరణం 1274) ఇక్కడ ఒక హద్దు గీశాడు. సిద్ధాంత వాదనకు అక్షరార్థమే ప్రమాణం. సంకేతార్థం నుండి వాదన చేయరాదు. అయితే దేవుని ‘చేయి’ అన్నప్పుడు అక్షరార్థం అవయవం కాదు, ఆయన శక్తి. అనగా అలంకారం కూడా అక్షరార్థంలో భాగమే.

1242లో పారిస్‌లో తల్మూద్ ప్రతులను బండ్లకొద్దీ తగులబెట్టారు. తరువాతి శతాబ్దంలో అదే నగరంలో నికొలస్ ఆఫ్ లైరా (మరణం 1349) తన సుప్రసిద్ధ బైబిలు వ్యాఖ్యానంలో యూద పండితుడు రాషీ (1040–1105) వివరణలపై ఎంతగానో ఆధారపడ్డాడు. యూదుల విశ్వాసాన్ని ఖండిస్తూ కూడా ఆయన వ్రాశాడు. అయినప్పటికీ గ్రంథం మాటకు అర్థం కావలసి వచ్చినప్పుడు, ఆ భాష ఎరిగిన వారినే ఆశ్రయించక తప్పలేదు.