పూటకూళ్ళమ్మకి పేరెందుకు లేదు?

అమెరికన్ కార్టూన్ కామెడీలు చూసేవాళ్ళకి ఈ పాత్ర పరిచయమే. కాఫీ జగ్గు పట్టుకుని వస్తుంది, హీరో మీద ఓ జోకు విసురుతుంది, వెళ్ళిపోతుంది. పేరుండదు. టైటిల్స్‌లో "వెయిట్రెస్" అని వేస్తే అదే గొప్ప.

మన తెలుగు కామెడీలో ఇలాంటావిడ ఎవరా అని ఆలోచిస్తే నాకు తట్టిన సమాధానం ఒక్కటే: కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ. గురజాడ ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో ఆడించారు, 1897లో అచ్చువేశారు, 1909లో బాగా పెంచి తిరగరాశారు. గిరీశం, మధురవాణి, రామప్పంతులు... అందరికీ పేర్లున్నాయి. ఈవిడకి మాత్రం వృత్తే పేరు.

కథలో ఆవిడ పని చాలా తక్కువ. విజయనగరంలో డబ్బులు తీసుకుని భోజనం పెట్టే వితంతువు. గిరీశం ఆవిడ పంచన చేరి తింటూ, సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి మధురవాణి కింద ఖర్చుపెట్టేస్తాడు. ఆవిడ చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికొస్తుంది. మంచం కింద దూరిన గిరీశం తప్పించుకుంటాడు, దెబ్బలు రామప్పంతులికి తగుల్తాయి. మనం పడీ పడీ నవ్వుతాం. 1955 సినిమాలో ఎన్టీఆర్ గిరీశం కాబట్టి ఇంకా నవ్వుతాం :)

ఒక్క నిమిషం నవ్వు ఆపి చూడండి. ఆ ఇరవై రూపాయలు ఎవరివి? పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కో విస్తరి మీద కూడబెట్టుకున్నవి. అవి కాజేసిన పెద్దమనిషి ఏం చేస్తాడంటే, వితంతు వివాహాల గురించి లెక్చర్లు దంచుతాడు! తినేది వితంతువు పెట్టిన అన్నం, చెప్పేది వితంతూద్ధరణ.

ఈ లెక్చర్లు గిరీశానికి ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, మనం రాజమండ్రి వెళ్ళాలి. 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం అక్కడ మొదటి వితంతు వివాహం చేయించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. ఇదంతా స్కూల్లో చదువుకున్నదే. అంతగా చదువుకోనిది ఇంకోటుంది. ఊరు వెలేసేసరికి వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేశారు. అప్పుడు వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోసి, వంట వండి, వడ్డించారు. చట్టం 1856లోనే వచ్చింది. పాతికేళ్ళ తరవాత ఆ చట్టం రాజమండ్రిలో అమలవ్వాలంటే ఒకావిడ గరిటె పట్టుకోవాల్సొచ్చింది.

అసలు వితంతువులు పూటకూళ్ళిల్లు ఎందుకు పెట్టేవారు? లెక్క సింపుల్. 1937 చట్టం వచ్చేదాకా ఉమ్మడి కుటుంబంలో భర్త పోయినావిడకి ఆస్తిలో వాటా లేదు, మనోవర్తి మాత్రమే. పెళ్ళి చేసుకుంటే 1856 చట్టం ప్రకారం చచ్చిపోయిన భర్త ఆస్తి మీద ఉన్న ఆ కాస్త హక్కూ పోతుంది. చదువా, లేదు. వచ్చిందల్లా వంట. పైగా ఆ రోజుల్లో ఎవరి చేతి వంట ఎవరు తినాలో కులం నిర్ణయించేది. బ్రాహ్మణ వితంతువు వండితే ఎవరూ అభ్యంతరపెట్టరు. అంటే ఆవిణ్ణి శుభకార్యంలోంచి బయటికి నెట్టిన ఆచారమే, ఆవిడ వంటకి గిరాకీ కూడా తెచ్చిపెట్టింది. విచిత్రం కదూ!

పూటకూళ్ళ వ్యాపారం మనకి కొత్తేం కాదు. పూట అంటే ఒక వేళ, కూడు అంటే అన్నం. కాకతీయుల నాటి ఓరుగల్లుని వర్ణించిన క్రీడాభిరామంలోనే రూక ఇస్తే కడుపునిండా పెట్టే ఇల్లు ఉంది. అయినా మన సామెత ఏమంటుంది? "పూటకూళ్ళమ్మ పుణ్యమెరుగునా" అని!

ఇప్పుడు అదే కాలంలో కోనసీమకి రండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్న గారిని పెళ్ళాడి ఈ ఊరొచ్చారు. వైనతేయ గోదావరి దాటేవాళ్ళు ఏ వేళప్పుడు వచ్చినా, ఏ కులమని అడక్కుండా అన్నం పెట్టారు. 1909లో పోయారు, అంటే కన్యాశుల్కం కొత్త రూపు వచ్చిన ఏడాదే. గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ పెట్టారు. పెట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు.

కానీ సీతమ్మ గారి వెనక పంట పొలాలున్నాయి, అండగా నిలిచిన భర్త ఉన్నాడు. అవేవీ లేనావిడ ఊరికే పెడితే రెండ్రోజుల్లో పొయ్యి ఆరిపోతుంది. ఆవిడ కూడా ఆకలి తీర్చింది, కాకపోతే డబ్బులు తీసుకుని. ఊరికే పెడితే అన్నపూర్ణ, డబ్బు తీసుకుంటే పుణ్యమెరగనిది. ఆడది చేసిన వంట దానమో, సేవో అయితే దండం పెడతాం. అదే సంపాదన అయ్యేసరికి మనకెందుకో మింగుడుపడదు.

గురజాడకి ఈ సంగతి తెలుసనే నా నమ్మకం. నాటకం చివర సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపి చదివించే ఏర్పాటు చేస్తాడు. గిరీశం ఆట కట్టించడానికి పూటకూళ్ళమ్మ వ్యవహారం పనికొస్తుంది. ఆవిడకి మాత్రం ఏ ఏర్పాటూ లేదు. ఆ ఇరవై రూపాయలు వెనక్కిచ్చిన సీనూ లేదు. సంస్కర్తలకి కనబడ్డ వితంతువు చిన్నపిల్ల, అమాయకురాలు, పెళ్ళి కావల్సినది. సొంత కాళ్ళ మీద నిలబడి, బాకీ కోసం చీపురు పట్టుకొచ్చే వితంతువు వాళ్ళకి సమస్యగానూ కనబడలేదు, పరిష్కారంగానూ కనబడలేదు. కామెడీగా మిగిలిపోయింది.

అమీర్‌పేట హాస్టల్ మెస్సుల్లో, బెంగుళూరు ఆంధ్రా మెస్సుల్లో, కర్రీ పాయింట్లలో తిని కోర్సులు పూర్తిచేసిన వాళ్ళం మనలో బోల్డుమందిమి. నెల బిల్లు కట్టాం, పప్పులో నీళ్ళెక్కువయ్యాయని జోకులేశాం. ఆ గోదావరి ఆంటీ మనకి చదువుకున్నన్నాళ్ళూ "ఆంటీ"యే. ఇంతకీ మీ మెస్ ఆంటీ పేరేంటి?