మంచం చేసే కీడు: వృద్ధరోగుల నడక గురించి వైద్యం నేర్చుకున్న పాఠం

జబ్బు చేయడాన్ని మనం ‘మంచం పట్టడం’ అంటాము. కోలుకోవడాన్ని ‘లేచి తిరగడం’ అంటాము. రోగమూ మంచమూ మన మాటలలో అంతగా కలిసిపోయాయి. కాని మంచమే రోగాన్ని తెచ్చిపెట్టగలదని వైద్యులు గ్రహించడానికి చాలా కాలం పట్టింది. గ్రహించిన పిదప కూడా ఆ జ్ఞానం వార్డులకు చేరడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ ఆలస్యంలో నా వంతు కూడా ఉంది కనుక అక్కడి నుండే మొదలుపెడతాను.

ఒక అవ్వ

1980 ప్రాంతంలో నేను నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాడిని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పటికి ఆ జిల్లాలోని భాగాలే. డెబ్బై దాటిన ఒక అవ్వ న్యుమోనియాతో వచ్చింది. కొడుకు భుజం పట్టుకొని, తన కాళ్లతో నడిచి వార్డులోకి వచ్చింది. పెనిసిలిన్ సూదులతో నాలుగైదు రోజులలో జ్వరం తగ్గింది. ‘బలహీనంగా ఉన్నది, లేవనీయవద్దు’ అని కేస్ షీటులో నేనే రాశాను. కోడలు ఆ మాటను శ్రద్ధగా పాటించింది. అన్నం మంచం మీదనే, మలమూత్రాలూ మంచం మీదనే. పన్నెండవ రోజున ఇంటికి పంపుదామని నిలబెట్టబోతే మోకాళ్లు మడతపడిపోయాయి.

‘సారూ, నడుచుకుంట వచ్చిన అవ్వ ఇప్పుడు లేస్తలేదేంది?’ అని కొడుకు అడిగాడు. ‘వయస్సు మీద పడింది కదా’ అన్నాను. పన్నెండు రోజులలో మీదపడే వయస్సు ఉండదని నాకు అప్పుడు తోచలేదు. ఎడ్లబండిలో పడుకోబెట్టి తీసుకొనిపోయారు. ఆమె మళ్లీ నడిచిందో లేదో నేను కనుక్కోలేదు.

విశ్రాంతి మందుగా మారిన కాలం

నేను రాసిన ఆ మాటకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1863లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ విశ్రాంతిని గురించి, నొప్పిని గురించి తన ఉపన్యాసాలను గ్రంథంగా ప్రచురించాడు. గాయపడిన అవయవానికి విశ్రాంతినిస్తే ప్రకృతి దానిని బాగుచేస్తుందని ఆయన వాదం. విరిగిన ఎముకకు, క్షయ సోకిన కీలుకు ఆ మాట నిజమే. సూక్ష్మజీవులను చంపే మందులు లేని ఆ రోజులలో వైద్యుని చేతిలో అంతకు మించిన సాధనాలు ఎక్కువగా లేవు. అయితే ఒక అవయవానికి చెప్పిన విశ్రాంతిని క్రమేణా మనిషి మొత్తానికి వర్తింపజేశారు. శస్త్రచికిత్స జరిగినా, కాన్పు అయినా, గుండెపోటు వచ్చినా వారాల తరబడి పడక తప్పనిసరి అయింది.

ఎదురుమాట చెప్పినవారు లేకపోలేదు. 1899లో షికాగో వైద్యుడు ఎమిల్ రీస్ శస్త్రచికిత్స జరిగిన రోగులను త్వరగా లేపి నడిపించవచ్చునని రాశాడు. ఆనాడు విన్నవారు తక్కువ. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పడకల కొరత వలన రోగులను త్వరగా లేపవలసివచ్చింది. లేచినవారికి కీడు జరగలేదు సరికదా, మేలే జరిగింది.

వృద్ధుల విషయంలో మార్గం చూపినది మార్జొరీ వారెన్ అనే వైద్యురాలు. 1935లో లండన్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి పక్కనున్న పేదల ఆసుపత్రిని ఆమెకు అప్పగించారు. అక్కడ 714 మంది రోగులు ఉండేవారు. చాలామంది ఇక లేవరని ముద్రపడి ఏళ్ల తరబడి పడుకొని ఉన్నవారు. ఆమె ఒక్కొక్కరిని పరీక్షించి, వ్యాధి ఏదో నిర్ణయించి, కూర్చోబెట్టి, నిలబెట్టి, నడిపించింది. అనేకులు ఇళ్లకు వెళ్లారు. వృద్ధుల వైద్యం ఒక ప్రత్యేక శాఖగా రూపొందడానికి ఆమె కృషి పునాది.

1947లో రిచర్డ్ ఆషర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మంచం వలన శరీరానికి కలిగే హానులను అవయవాల వారీగా ఎత్తిచూపాడు. 1952లో అమెరికాలో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ గుండెపోటు రోగులను మంచం మీద నుండి కుర్చీలోకి మార్చి, అది క్షేమకరమేనని చూపారు. నేను వైద్యవిద్య చదివే నాటికి ఇవన్నీ పాతవార్తలే. అయినా నా చేయి ‘లేవనీయవద్దు’ అనే రాసింది. చదివిన చదువు కంటే వార్డులో చూసిన అలవాటే బలమైనది.

పడుకున్న శరీరంలో జరిగేది

1966లో అమెరికాలోని డాలస్ నగరంలో ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం మీద ఉంచారు. శ్రమించే సమయంలో శరీరం ప్రాణవాయువును వాడుకొనే సామర్థ్యం వారిలో నాలుగవ వంతుకు పైగా తగ్గింది. ముప్పై ఏళ్ల తరువాత అదే ఐదుగురిని మరల పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయస్సు తగ్గించిన దానికంటే ఆ మూడు వారాల మంచమే ఎక్కువ తగ్గించిందని తేలింది.

ఇక వృద్ధుల సంగతి. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో జబ్బేమీ లేని వృద్ధులు పది రోజులు మంచం మీద ఉంటేనే వారి కాళ్లలో సుమారు ఒక కిలో కండ తరిగిపోయింది. జబ్బు, జ్వరం, అరకొర తిండి తోడైతే నష్టం ఎంతో ఊహించుకోవచ్చు. పడుకున్నవారిలో రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది. అందుచేత ఒక్కసారిగా లేస్తే రక్తపీడనం పడిపోయి కళ్లు తిరుగుతాయి. కాలి సిరలలో రక్తం గడ్డకడుతుంది, పిరుదుల వద్ద పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులలో కఫం నిలుస్తుంది, మతి తప్పుతుంది. అమెరికాలో డెబ్బై దాటిన రోగులను పరిశీలించగా, ఆసుపత్రి వీడేనాటికి నూటికి 35 మంది స్నానం, నడక వంటి రోజువారీ పనులలో జబ్బుకు ముందున్న స్థాయి కంటే దిగజారి ఉన్నారు.

నిలకడ సంగతి కూడా చెప్పాలి. కళ్లు, లోపలి చెవి, పాదాలలోని స్పర్శ అందించే సమాచారాన్ని మెదడు కూర్చుకొని మనలను పడిపోకుండా నిలుపుతుంది. మధుమేహం పాదాల స్పర్శను, శుక్లం కంటిచూపును తగ్గిస్తాయి. అభ్యాసం తప్పితే మిగిలినది కూడా మందగిస్తుంది.

ఈ నష్టాన్ని ఆపవచ్చునా? స్పెయిన్‌లోని పాంప్లోనాలో 75 ఏళ్లు దాటిన 370 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. సగటు వయస్సు 87. మామూలు వైద్యం పొందినవారు రోజువారీ సామర్థ్యంలో నూటికి 5 మార్కులు పోగొట్టుకొన్నారు. రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున నడక, నిలకడ, కండబలం అభ్యాసాలు చేసినవారు పోగొట్టుకోకపోగా కొంత మెరుగుపడ్డారు.

మన మూడు జిల్లాలలో

మన దేశంలో వృద్ధుల వైద్యానికి ప్రత్యేక విభాగం 1978లో మద్రాసులో వి. ఎస్. నటరాజన్ గారి చేతులమీదుగా మొదలయింది. 2010లో కేంద్ర ప్రభుత్వం జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమాన్ని ఆరంభించింది. జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకు పది పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలన్నది దాని ఉద్దేశం. ఒకప్పుడు పెద్ద వైద్యానికి మనవారు మహబూబ్‌నగరో, కర్నూలో, హైదరాబాదో పోవలసివచ్చేది. 2016లో మూడు కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడి యువవైద్యులు కేస్ షీటులో ఏమి రాస్తారన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న.

ఇక్కడి వృద్ధులు ఎవరు? గుంటమగ్గంలో కాళ్లాడిస్తూ గద్వాల చీరలు నేసినవారు. పాలమూరు కూలీలుగా దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టినవారు. నెత్తిన బిందెతో, చేయి పట్టకుండా, గట్ల మీద నడిచినవారు. వారి నిలకడను మనం పది రోజుల మంచానికి అప్పగించరాదు.

ఇంటివారు చేయదగినవి

1. చేరిన రోజుననే ‘వీరిని ఎప్పటి నుండి లేపవచ్చు?’ అని వైద్యుని అడగండి. ఎముక విరిగినా, రక్తపీడనం నిలకడగా లేకున్నా, ఛాతీనొప్పి, తీవ్రమైన ఆయాసం ఉన్నా వైద్యుని అనుమతి లేకుండా లేపవద్దు.

2. ముందు మంచం అంచున కాళ్లు వేలాడదీసి రెండు నిమిషాలు కూర్చోబెట్టండి. కళ్లు తిరగకుంటే నిలబెట్టండి, ఆపైన నడిపించండి.

3. అన్నం కుర్చీలో కూర్చొని తిననీయండి. వీలైతే మరుగుదొడ్డికి నడిపించి తీసుకువెళ్లండి.

4. కళ్లద్దాలు, చేతికర్ర, జారని చెప్పులు ఆసుపత్రికి వెంట తీసుకురండి.

5. మూత్రపు గొట్టం, సెలైన్ ఇంకా అవసరమా అని రోజూ అడగండి. రోగిని మంచానికి కట్టివేసేవి చాలాసార్లు అవే.

6. ఇంటికి వచ్చాక కుర్చీలో నుండి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగివచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే జారిపడే ప్రమాదం ఉన్నట్లే. ఫిజియోథెరపిస్టును సంప్రదించండి. ఈ పరీక్షకు గడియారం తప్ప మరేదీ అక్కరలేదు.

‘కాలూ చేయీ ఆడుతుండగానే పోవాలి’ అని మన పెద్దలు కోరుకొంటారు. ఆ కోరిక కొంతవరకు మన చేతిలో ఉంది. ఆ అవ్వ కొడుకు అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వవలసిన జవాబు ఇది. నలభై ఏళ్లు ఆలస్యమైంది.