పొగను బట్టి రోగం: ట్రాక్టరు ఇంజను కథ

స్వర్ణముఖి ఒడ్డున ఉన్న తిరుచానూరు సీమలో ఒకప్పుడు దుక్కికి నాగలి, బావినీటికి కపిల. రెండింటికీ ఎద్దులే బలం. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజను క్రమంగా ఈ స్థితిని మార్చినది. మన దేశంలో తయారైన తొలి ట్రాక్టరు 1959లో ఫరీదాబాదులోని ఐషర్ కర్మాగారం నుండి వెలువడినది. 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడినది.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. సిలిండరులో గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే నూనె అంటుకొంటుంది. అదుము తగ్గితే ఇంజను లేవదు.

నల్లపొగ వచ్చినచో నూనెకు తగిన గాలి అందలేదన్నమాట. నీలిపొగ వచ్చినచో కందెన నూనె మండుచున్నదన్నమాట. సిలిండరులో కొన్ని చుక్కల కందెన వేసి అదుమును కొలిచినప్పుడు అది పెరిగినచో పిస్టను రింగులో, సిలిండరు గోడో అరిగినట్లు. పెరగనిచో వాల్వులను చూడవలెను.

ఈ పరీక్ష లేక ఇంజను విప్పినచో డబ్బు వృథా, దుక్కి అదనూ దాటిపోవును. వాన నమ్మకం లేని రాయలసీమలో అదను తప్పితే పంట తప్పినట్లే.