కంచులో నిలుచు పేరు



దేవాలయమునకు ఒక గంటనో, దీపపు సెమ్మెనో, ఉత్సవ పాత్రనో సమర్పించునపుడు గతించిన తల్లిదండ్రుల పేర ఒక ఫలకము పెట్టించవలెనని కోరుట మన ఊళ్ళలో సర్వసాధారణము. రాతి పలకయా, కంచు పలకయా అని కొంత విచారించి, కంచయినచో తరతరములు నిలుచునని పలువురు దానినే ఎంచుకొందురు. కంచు నిలుచును, అందు సందేహము లేదు. అయితే కంచు నిలిచినంత మాత్రమున పేరు నిలుచునా? ఈ ప్రశ్నకు సమాధానము కొరకు దూరము పోనక్కరలేదు. మన ఆర్మూరు పరిసరముల కొలుముల చరిత్రయే ఎంతో బోధించగలదు. నేటి ప్రసంగమున దానిని స్మరింతము.

ఆర్మూరు అనగానే వ్యాపారులకు పసుపు స్ఫురించును. ఆస్తికులకు నవనాథ సిద్ధుల గుట్ట స్ఫురించును. ఆ గుట్టపై తొమ్మండుగురు సిద్ధులు తపమాచరించిరనియు, ఈ ఊరికి నవనాథపురమని పూర్వనామము కలదనియు, ఆరును మూడును కలిసి తొమ్మిది యగుట చేతనే నేటి పేరు ఏర్పడినదనియు పెద్దలు చెప్పుదురు. సిద్ధ సంప్రదాయమునకును రసవిద్యకును గల సంబంధము ప్రసిద్ధమైనది. పాదరసమును, లోహములను పుటము పెట్టి శుద్ధి చేయుట ఆ విద్యలో బాహ్య సాధన. ఈ దేహమును, మనస్సును తపస్సనెడి పుటమున శుద్ధి చేయుట అంతర సాధన. అగ్నిలో పడక మాలిన్యము పోదని వారి సిద్ధాంతము.

ఆ సిద్ధులు తపమాచరించిన గుట్టకు చుట్టునున్న నేలయే లోహవిద్యకు ఆటపట్టగుట గమనింపదగినది. ఇందూరు మార్గముననున్న ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లెములు విశేషముగా తయారగుచున్నవని 17వ శతాబ్దమున ఈ దారిన పయనించిన ఫ్రెంచి యాత్రికుడు తెవనో వ్రాసెను. ఆర్మూరు నుండి మెట్‌పల్లి వైపు పోవు ప్రాంతమున, కమ్మరపల్లి మండలమున, కోనసముద్రమను గ్రామము కలదు. అచటి ఉక్కు పారశీక దేశమునకు పోయెడిది. హెన్రీ వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు, 1820 ప్రాంతమున అచటి కొలుములను స్వయముగా చూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. ఉక్కు కొనుటకు పారశీక వర్తకులు స్వయముగా ఆ పల్లెకు వచ్చి, పని జరుగుచుండగా దగ్గరనుండి చూచుకొనెడివారని అందు కలదు.

ఆ ఉక్కు తయారైన విధమును కొంచెము గ్రహింపుడు. మట్టితో చేసిన చిన్న మూసలలో ఇనుప ముక్కలనుంచి, మూతివైచి, మట్టితో మెత్తి, కొలిమిలో గంటల తరబడి మహాగ్నిలో నుంచెడివారు. మూస మట్టిలో వరి ఊకను కలిపెడివారు. ఊక కాలి బొగ్గుగా మారి, అంతటి వేడికి కూడ మూస పగులకుండునట్లు చేసెడిది. కళ్ళము దగ్గర గాలికి ఎగిరిపోవు ఊక, లోకప్రసిద్ధమైన ఉక్కుకు ఆధారమయ్యెను. 2010లో స్వదేశ విదేశ శాస్త్రజ్ఞులు కలిసి ఉత్తర తెలంగాణ పల్లెలందు సర్వే జరిపి, పాత కొలుముల ఆనవాళ్ళను, చిట్టెపు దిబ్బలను నమోదు చేసిరి. మూసల ముక్కలు నేటికిని ఆ నేలలో దొరకుచున్నవి. కాని ఆ కొలిమి ముందు కూర్చుండి తిత్తులూదిన వాని పేరు ఒక్కటియు మనకు దొరకదు. కొనిన వర్తకుని ప్రస్తావన గ్రంథమునకెక్కినది. కరగించిన వాని పేరు బూడిదలో కలిసినది.

ఇక ఇనుమును విడిచి కంచు విషయమునకు వత్తము. విశ్వకర్మ సంప్రదాయమున ఐదు వృత్తులకు ఐదుగురు మూలపురుషులు. ఇనుము పని మనుబ్రహ్మది, కొయ్య పని మయబ్రహ్మది, కంచు పని త్వష్టది, రాతి పని శిల్పిది, బంగారు పని విశ్వజ్ఞునిది. కావున కంచరి పని కేవలము జీవనోపాధి కాదు, అది త్వష్ట వంశపు అనుష్ఠానము. పూర్వము కంచరికి ప్రత్యేకముగా కర్మాగారము లేదు. ఇంటి వెనుక వసారాయే కార్యశాల. కొలిమి వంటపొయ్యికి పొరుగు. ఇల్లంతయు ఆ పనిలో పాలుపంచుకొనెడిది.

ఈ ఇంటి కొలిమి పద్ధతి గోదావరికి ఆవలి గట్టున, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, నేటికిని సజీవముగా నున్నది. జైనూరు ప్రాంతమున ఉషేగాం మొదలగు గూడెములలో ఓజ కులస్థులు గోండు సోదరుల పూజాదులకు వలసిన ప్రతిమలను, గంటలను, ఆభరణములను ఇత్తడితో పోతపోయుదురు. డోక్రా అని పేరొందిన ఈ విద్యకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించెను. ముందుగా మట్టితో లోపలి దిమ్మ చేయుదురు. దానిపై మైనమును సన్నని తీగలుగా సాగదీసి చుట్టి, కోరిన రూపమును దిద్దుదురు. ఆపై మెత్తని మట్టిని పలుచగాను, దానిపై ముతక మట్టిని దళసరిగాను పూసి ఆరబెట్టుదురు. అగ్నిలో నుంచినపుడు మైనము కరగి వెడలిపోవును. అది విడిచిన ఖాళీలోనికి కరగిన లోహము ప్రవేశించును. చల్లారిన పిమ్మట మట్టిని పగులగొట్టగా రూపము బయల్పడును. ఒక అచ్చు ఒక్క వస్తువునకే. మరల మరొకటి కావలెనన్న మొదటి నుండి ప్రారంభించవలసినదే.

ఇది అడవిలో పుట్టి అడవిలోనే దాగిన విద్య కాదు. మన ఇందూరు, బోధను ప్రాంతములను కూడ ఏలిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అందు ఈ మైనపు పోతను రాజే స్వయముగా వర్ణించెను. మైనపు రూపమును ముందుగా తూచి, ఆ తూకమునకు ఇన్ని రెట్లు లోహమును సిద్ధము చేయవలెనని ఆయన విధించెను. కంచు మైనము కంటె సుమారు తొమ్మిది రెట్లు బరువు. కావున మైనమును తూచిన కంచరికి ఎంత లోహము కావలెనో పోయకముందే తెలిసిపోవును. రాజాస్థానములోని శాస్త్రమును, గూడెములోని చేతిపనియు ఒక్కటేనని దీని వలన స్పష్టమగుచున్నది.

ఇప్పుడు స్మారక ఫలకమును ఇంటి కొలిమిలో పోయు విధమును చూతము. తేనెమైనమునకు గుగ్గిలము చేర్చి, పలుచని పలకగా పరచి, దానిపై మైనపు తీగలతో అక్షరములను అతికింతురు. మనము చదువు రీతినే అవి మైనముపై నిలుచును. మట్టి అచ్చులో తారుమారగును. లోహమున మరల సరియగును. తెలుగు లిపికి ఇచట ఒక చిక్కు కలదు. మన అక్షరములు గుండ్రనివి. సున్న, సుడి, ఒత్తు మిక్కిలి ఇరుకైనచో మట్టి ఆ సందులలోనికి చక్కగా చేరదు, పోతలో అవి పూడిపోవును. కావున ఫలకమునకు అక్షరములు పెద్దవిగాను, మాటలు కొద్దివిగాను ఉండవలెను. మైనముపై ఒత్తు తప్పినచో గోటితో దిద్దవచ్చును. కంచుపై తప్పినచో ఉలి పట్టవలెను, అప్పటికిని మచ్చ పోదు. అందుచేత పోయకముందే ఇంటి పెద్దలు వచ్చి పేర్లను చదివి చూచుట మంచిది.

లోహమన్ననో, రాగి 1085 డిగ్రీల వేడికి గాని కరగదు. కంచులో రాగికి తోడు తగరము కలియును. ఫలకములకు, ప్రతిమలకు పదింట ఒక పాలు తగరము చాలును. గంటకు నాదము రావలెనన్న అయిదింట ఒక పాలు వరకు కావలెను. అయితే తగరము హెచ్చిన కొలది లోహము పెళుసగును. రాగి కరగిన పిదపనే తగరము వేయవలెను. ముందే వేసినచో అది కాలి చిట్టెమగును. అన్నిటికంటె ముఖ్యమైనది అచ్చు ఎండుట. లోపల రవ్వంత తడి మిగిలినను, కరగిన లోహము తగిలినంతనే ఆవిరియై ఎగజిమ్మి ప్రాణముల మీదికి తెచ్చును. గాలి వెడలుటకు దారి లేనిచో ఫలకమున బుగ్గలు పడును. కావుననే కంచరులు తొందరపడరు. ముహూర్తము దాటుచున్నదని దాతలు వారిని తొందరపెట్టుట తగదు. ఇంటిలోని పాత పాత్రలను ఇచ్చి కరగించుమని కోరు భక్తులు కూడ, వానిలో ఏది కంచో, ఏది ఇత్తడియో, దేనిలో సీసము కలదో కంచరిచేత పరీక్షింపజేసి ఇచ్చుట క్షేమము. ఇత్తడిలోని తుత్తునాగము కాగినపుడు వెలువడు తెల్లని పొగ ఊపిరితిత్తులకు హానికరము.

ఇంత శ్రమకోర్చి పోసిన లోహము పేరును ఎట్లు కాపాడును? దీనికి తిరుమలయే సాక్ష్యము. పల్లవ వంశపు రాణి సామవాయి స్వామికి ఒక వెండి ప్రతిమను సమర్పించెను. శాసన పరిశోధకులు దానిని క్రీ.శ. 966 నాటిదిగా చెప్పుదురు. నేడు భోగ శ్రీనివాసమూర్తి అని మనము కొలుచునది ఆ ప్రతిమయే. ఏకాంతసేవలో ఊయలమంచముపై పవ్వళించునది ఆ మూర్తియే. ఆ రాణి రాజ్యము పోయినది, కోటలు పోయినవి. ఆమె ఇచ్చినది సేవలో నున్నందున ఆమె పేరు నిలిచినది. 16వ శతాబ్దమున శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవి, చిన్నాదేవులతో కూడిన తన రాగి ప్రతిమలను అచటనే నిలిపెను. ఆ ప్రతిమల భుజములపై పేర్లు చెక్కబడినవి. కాని ఆ చక్రవర్తి సింహాసనముపై కూర్చున్నట్లు చేయించుకొనలేదు; చేతులు జోడించి, స్వామి ఎదుట సేవకునివలె నిలుచున్నట్లు చేయించుకొనెను. అన్నమాచార్యుల కీర్తనలను ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యులు రాగిరేకులపై చెక్కించి సంకీర్తన భండారమున భద్రపరచెను. శతాబ్దములు గడచి, 20వ శతాబ్దపు ఆరంభమున ఆ రేకులు మరల వెలుగు చూచినందుననే నేడు వేలకొలది కీర్తనలు మన నోట పలుకుచున్నవి. తండ్రికి కుమారుడు పెట్టిన స్మారకములలో దీనిని మించినది లేదు. అందు తండ్రి పేరు కంటె తండ్రి చేసిన సేవయే ఎక్కువగా నున్నది.

కావున భక్తమహాశయులారా, ఫలకము పెట్టించుట తప్పు కాదు. అది పితృఋణములో ఒక భాగమే. అయితే మూడు విషయములను మనస్సునందుంచుకొనుడు. మొదటిది: పేరును గోడకు బిగించుట కంటె సేవలో నున్న వస్తువునకు చేర్చుట మేలు. గంట అంచున పోసిన పేరు గంట మ్రోగిన ప్రతిసారి దేవుని సన్నిధిని నిలుచును. సెమ్మె పాదమున నున్న పేరు దీపమున్నంత కాలము వెలుగును. రెండవది: బిరుదులు, హోదాలు తగ్గించి, పేరును, ఊరును, సంవత్సరమును వ్రాయించుడు. తరువాతి తరమునకు ఉపకరించునవి అవే. మూడవది: ఆ ఫలకము అడుగు భాగమున పోతపోసిన వాని పేరునకు కూడ ఒక వరుస విడువుడు. యంత్రములు ఒక్క దినమున వందల ఫలకములను చేయు ఈ కాలమున, ఇంటి కొలిమిని నమ్ముకొన్నవారు కొద్దిమందియే మిగిలిరి. గుర్తింపు పత్రము గౌరవమును తెచ్చును గాని కొలిమిలో బొగ్గు పోయదు. మనము ఇచ్చు పనియే ఆ నిప్పును ఆరకుండ కాపాడును. కోనసముద్రపు పనివాండ్ర విషయమున మన పూర్వులకు జరిగిన లోపము మన చేతులమీదుగా మరల జరుగరాదు.

నవనాథ సిద్ధుల అనుగ్రహమున మీ ఇండ్లు పసుపు కుంకుమలతో కళకళలాడుగాక! మీ పెద్దల పేర్లు స్వామి సేవలో చిరకాలము నిలుచుగాక! ఆ పేర్లను పోతపోసిన చేతులు చల్లగా నుండుగాక!

శుభం భూయాత్.