నేల టికెట్ ప్రేమకథలు (నాలుగో భాగం)

నేను సినిమా అభిమానిని. ఈ మాట ఉద్యమ సభల్లో చెప్పుకోడానికి చాలా ఏళ్లు సిగ్గుపడ్డాను. ఇప్పుడు పడటం లేదు. ఎందుకో ఈ భాగంలో చెప్తాను.

1988లో ‘రుద్రవీణ’ వచ్చింది. అందులో చిరంజీవి బ్రాహ్మణ సంగీత విద్వాంసుడి కొడుకు. అతను ప్రేమించిన శోభన అంటరాని కులం పిల్ల. మా పేట కుర్రాళ్లం నేల టికెట్లో కూర్చుని ఈలలు వేశాం. మన పిల్లని హీరో చేసుకుంటాడని మురిసిపోయాం. ఇంటికొస్తుంటే దారిలో మా అక్క అడిగింది: “అట్నుంచి ఇటు సరే. ఇట్నుంచి అటు ఎప్పుడ్రా?”

ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్లాను. సరిగ్గా యాభై ఏళ్ల ముందు, 1938లో, గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. కథ చలానిది. అక్కడా బ్రాహ్మణ అబ్బాయి, మాల అమ్మాయి. ఆ రోజుల్లో అలాంటి పెళ్లిని తెర మీద చూపించడం పెద్ద సాహసమే, కాదనను. కానీ మాలపిల్లగా వేసింది కాంచనమాల. ఆమె మాలపిల్ల కాదు. జనం ఆమెకి నీరాజనాలు పట్టారు.

అంతకు కొన్నేళ్ల ముందే కేరళలో పి.కె. రోజీ అనే దళిత మహిళ తొలి మలయాళ మూకీ ‘విగతకుమారన్’లో నాయర్ స్త్రీగా నటించింది. తెర మీద ఆమెని చూసి అగ్రకులాల వాళ్లు రగిలిపోయారు. దాడులు చేశారు. ఆమె ఊరొదిలి పారిపోయింది. మళ్లీ సినిమాల్లో కనబడలేదు. మన వేషం వాళ్లు కడితే నీరాజనం, వాళ్ల వేషం మనం కడితే రాళ్లు.

మరి మనకెందుకింత సినిమా పిచ్చి? బావి దగ్గర, గుడి దగ్గర, హోటల్లో కులం అడిగిన ఊళ్లో, హాలు గేటు దగ్గర మాత్రం టికెట్ అడిగారు. డబ్బులిస్తే సీటు నీది. ఆ మూడు గంటలు మనకి దొరికిన సమానత్వం.

అది కూడా ఓర్వలేకపోయారు. 1991 జూలైలో, చుండూరులో, సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ఓ అగ్రకుల కుర్రాడికి తగిలింది. దాన్ని పట్టుకుని గొడవ పెంచారు. దళితవాడని వెలివేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

2018లో మిర్యాలగూడలో పై కులం అమ్మాయిని పెళ్లాడిన దళిత యువకుడిని పట్టపగలు నరికేశారు. మా అక్క ప్రశ్నకి బయట వచ్చిన జవాబు అది. తెర మీద, ‘లవ్ స్టోరీ’లో నాగచైతన్య దళిత క్రైస్తవ కుర్రాడిగా అగ్రకులం అమ్మాయిని ప్రేమించింది 2021లో. ‘మాలపిల్ల’ వచ్చిన 83 ఏళ్లకి!

విద్యార్థి మిత్రులారా, మీ అభిమానాన్ని చూసి సిగ్గుపడొద్దు. హాల్లో ఆ సీటు కోసం మనవాళ్లు ప్రాణాలిచ్చారు. ఈలలు వేయండి. వేస్తూనే మా అక్క అడిగింది కూడా అడగండి.

జై భీమ్.